బడికి రమ్మన్నారు, 40 నిమిషాలు ఏం మాట్లాడను?

కొత్తకలం:
అందరికీ నమస్కారం. పిల్లల కోసం నేను రాసిన బొమ్మల పుస్తకం ఒకటి ఈమధ్యే వచ్చింది. ఒకటంటే ఒకటే. మా అక్క కూతురు చదివే బడివాళ్ళకి ఈ సంగతి తెలిసి, వచ్చి పిల్లలకి కథలు రాయడం గురించి చెప్పమన్నారు. సంతోషంలో సరే అనేశాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. మూడు నుంచి ఐదో తరగతి దాకా 120 మంది, 40 నిమిషాలు. నేను టీచర్ని కాదు, నలుగురి ముందు నిలబడితే గొంతు ఎండిపోతుంది. కథకి ఎత్తుగడ, పాత్రలు, సంభాషణలు, ముగింపు అంటూ 22 స్లయిడ్లు చేసుకున్నాను. మా ఆయనకి చూపిస్తే ఆరో స్లయిడ్ దగ్గరే ఫోన్ తీశారు. పోనీ పుస్తకం మొత్తం చదివి వినిపించేదా? ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఎవరూ నోరు విప్పకపోతే? అసలు ఒక్క పుస్తకం రాసినదాన్ని, రాయడం గురించి నేనేం చెబుతాను? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త దారి చూపండి.

చిత్తుప్రతి:
స్లయిడ్లు ఇంట్లో పెట్టి వెళ్ళండమ్మా. మీ ఆయన పాపం ఆరు చూశారు, పిల్లలు రెండు కూడా చూడరు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఉపన్యాసం రాసుకుని మరీ వెళ్ళాను. ముందు వరసలో ఒక పిల్లాడు బూటు లేసు విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం. నాలుగుసార్లు లెక్కపెట్టాను. నేనేమో "పాత్రచిత్రణ" అంటూ ఎక్కడికో వెళ్ళిపోతున్నాను. ఒక పాప పక్కపిల్లని అడిగింది, "పాత్రంటే గిన్నేనా?" అని. గుసగుసగానే అడిగింది గానీ నాకు వినపడింది. ఆ తర్వాత ఉపన్యాసం ముందుకు కదల్లేదు.

నీళ్ళసీసా కోసం సంచిలో చెయ్యి పెడితే, దాంతోపాటు నా కథ చిత్తుప్రతి కూడా వచ్చి కిందపడింది. పేజీ నిండా ఎర్ర గీతలు, కొట్టివేతలు, పక్కన బాణాలు. లేసు పిల్లాడు వంగి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇదెవరు దిద్దారు?" అన్నాడు. నేనే అన్నాను. "మీది మీరే దిద్దుకుంటారా? ఇన్ని తప్పులా?" అన్నాడు. వాడి గొంతులో ఎంత సంతోషమో! వెనక వరసల వాళ్ళు కూడా లేచి ముందుకొచ్చేశారు. మిగిలిన పావుగంటా ఆ ఒక్క పేజీతోనే గడిచింది.

అప్పట్నుంచీ నేను పట్టుకెళ్ళేది చిత్తుప్రతులే. పిల్లలు చూసే పుస్తకాలన్నీ అచ్చయి, తప్పుల్లేకుండా నిగనిగలాడుతూ ఉంటాయి. అవి మొదటిసారే అలా వచ్చేస్తాయనుకుంటారు. తమ నోట్సులో కొట్టివేత ఉంటే మాత్రం మార్కులు పోతాయని భయం. కాబట్టి మీరు బాగా రాసిన పేజీ కాదు, చెడగొట్టి మళ్ళీ రాసిన పేజీ తీసుకెళ్ళండి. ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో చెప్పండి. దానికి ఒక్క పుస్తకం చాలు. పది రాసినవాళ్ళకి మొదటి పుస్తకం పాట్లు గుర్తుండవు, మీకు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

ఒక పెద్ద కాగితం కూడా పట్టుకెళ్ళండి, ఎంత పెద్దదైతే అంత మంచిది. బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఎందుకుంటాయని అడగండి. రకరకాల జవాబులొస్తాయి ("రచయితకి చెయ్యి నొప్పి పుట్టి" అన్నాడొకడు). అప్పుడు కాగితాన్ని వాళ్ళతోనే మూడుసార్లు మడిపించండి. అంచులు కోస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు. అలాంటివి రెండు కలిపితే 32. అచ్చులో కాగితం అలా మడతలుగానే వస్తుంది కాబట్టి కథ కూడా అందులో ఒదగాలి. పుస్తకం అనేది ఎవరో చేసే వస్తువని వాళ్ళకి చేతికి తెలుస్తుంది. ఇది నేను ఎన్ని మాటలతో చెప్పినా ఎక్కలేదు.

మొత్తం పుస్తకం చదవొద్దు. మంచి పట్టులో, పేజీ తిప్పబోయే చోట ఆపి, తర్వాత ఏమై ఉంటుందని అడగండి. ఏం చెప్పినా ఒప్పుకోండి. మీరు రాసినదానికన్నా మంచిది ఒకటైనా వస్తుంది, కాస్త మనసు గట్టిచేసుకోండి.

పుస్తకం వద్దని ఎవరైనా తిప్పి పంపారా అని కూడా అడుగుతారు. నేను నా సంగతితో పాటు, ఇంగ్లీషులో పిల్లల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ సంగతి చెబుతాను. 1893లో, జబ్బుపడ్డ ఒక పిల్లాడికి రాసిన ఉత్తరంలో ఆవిడ పీటర్ కుందేలు కథని బొమ్మలతో సహా చెప్పింది. తర్వాత పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు వద్దన్నారు. 1901లో తన డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. ముందు కాదన్నవాళ్ళలో ఒకరే మళ్ళీ వచ్చి, 1902లో రంగుల బొమ్మలతో వేశారు. పిల్లలకి ఇందులో నచ్చేది గెలవడం కాదు, "కాదన్నవాళ్ళే మళ్ళీ వచ్చారు" అన్న ముక్క. దాన్ని రెండోసారి చెప్పించుకుంటారు.

ఇక ప్రశ్నలు. మొదటి నిమిషం ఎవరూ అడగరు. "పోయినసారి ఒకమ్మాయి నా వయసెంతని అడిగింది" అని మీరే అందించండి, చేతులు లేస్తాయి. ఆ తర్వాత వయసు, జీతం, ఇంట్లో కుక్క ఉందా, బొమ్మలు మీరే వేశారా. బొమ్మలు వేరేవాళ్ళు వేస్తే ఆ మాట తప్పకుండా చెప్పండి. పుస్తకం పూర్తయ్యేదాకా రాసినవాళ్ళూ బొమ్మలు వేసినవాళ్ళూ ఒకరినొకరు చూసుకోకపోవడం మామూలేనంటే అస్సలు నమ్మరు.

బడి లైబ్రరీ:
నేను అటువైపు మనిషిని, ఇలాంటివాళ్ళని పిలిచేదాన్ని. 120 మంది ఒకేసారి అంటే అది సభ అవుతుంది. రెండు విడతలు చెయ్యమనండి, మొహమాటపడకండి. మూడో తరగతినీ ఐదో తరగతినీ కలపొద్దనండి. మీ పుస్తకం ఒక వారం ముందే పంపితే మేము తరగతిలో చదివిస్తాం, అప్పుడు ప్రశ్నలు "మీ వయసెంత" దగ్గర ఆగవు.

ఒక్క హెచ్చరిక. చివర్లో మా టీచర్లలో ఎవరో ఒకరు లేచి "ఈ కథలో నీతి ఏమిటో ఎవరు చెబుతారు?" అంటారు. అప్పటిదాకా గంతులేసినవాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ మాట రాకముందే "మీరైతే ఈ కథని ఎక్కడ మొదలుపెడతారు?" అని మీరు అడిగేయండి.

చిత్తుప్రతి గారు చెప్పింది నిజం. మా దగ్గర పరీక్షలో తప్ప కాగితం ముట్టని పిల్లాడు ఒకడు, ఒక రచయిత కొట్టివేతలు చూసిన రోజున అడిగి మరీ తెల్లకాగితం తీసుకున్నాడు. ఏం రాశాడో చూపించలేదు. నేనూ అడగలేదు.

సంచీభుజం:
తేదీ, గది, ఎవరు వచ్చి తీసుకెళ్తారు, దారి ఖర్చులిస్తారా, పుస్తకాలు అమ్ముకోవచ్చా. ఇవన్నీ ముందే మెసేజ్‌లో రాయించుకోండి. ఒకచోట నేను వెళ్ళేసరికి పిల్లలు పరీక్ష రాస్తున్నారు. ఆఫీసు గదిలో గంటన్నర కూర్చుని వచ్చేశాను.

కొత్తకలం:
వెళ్ళొచ్చాను! రెండు విడతలకి ఒప్పుకున్నారు. స్లయిడ్లు తీసుకెళ్ళలేదు. కాగితం మడిచేటప్పుడు మూడో మడత దగ్గర చినిగింది, దానికే ఎక్కువ నవ్వారు.

నా మొదటి ప్రతిలో ఒక కుక్క ఉండేది. కథలో దానికి పని లేదని తీసేశాను. ఆ పేజీనే చూపించాను. మూడో తరగతి పిల్లాడు చాలాసేపు చెయ్యెత్తి ఉంచి, వంతు వచ్చాక అడిగాడు: "తీసేస్తున్నామని కుక్కకి చెప్పారా?"

లేదన్నాను. "మరి అది ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది కదా" అన్నాడు. రాత్రి బీరువాలోంచి ఆ పేజీలు మళ్ళీ తీశాను.