కాలిబ్రేట్ స్కాన్‌లో ఒక్క టవరూ దొరకట్లేదు (ఆర్‌టీఎల్ డాంగిల్, ఉబుంటు)

మువ్వలవానిపాలెం:
పొద్దుట్నుంచీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్) పెట్టి కాలిబ్రేట్ (టవర్ల సిగ్నల్ వెతికే ప్రోగ్రామ్) నడుపుతున్నా, బ్యాండ్ జీఎస్‌ఎం900 (2జీది). స్కాన్ చివరిదాకా పోతుంది, ఎర్రర్ రాదు, ఒక్క ఛానెలూ చూపించదు. మేడెక్కితే టవర్ కళ్ళెదురుగానే ఉంది! వెనక గదిలో కాల్స్ కట్ అవుతున్నాయి, ఏ టవర్ ఎంత గట్టిగా వస్తోందో చూద్దామని మొదలెట్టా. డాంగిల్ బాగానే ఉంది, అందులో డౌట్ లేదు. ఏటి చెయ్యాలో చెప్పండి.

దొండపర్తి:
డాంగిల్‌ని టీవీ ట్యూనర్‌లా పట్టుకునే డీవీబీ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్ చేశారా, అంటే లోడ్ కాకుండా ఆపారా?

మువ్వలవానిపాలెం:
చేశా. అది చెయ్యకపోతే డివైసే తెరుచుకోదు కదా.

దొండపర్తి:
గెయిన్ (సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) ఎంత, పీపీఎం (డాంగిల్ ఫ్రీక్వెన్సీలో తప్పు, పది లక్షలకు ఇంత అని) ఎంత, యాంటెన్నా ఏది? ఇవేవీ చెప్పకుండా అడిగితే మేం సోది చెప్పాల్సిందే.

యారాడకొండ:
ముందు ఒక మాట. 2023 టెలికాం చట్టంలో 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఇతరుల మెసేజ్‌లు మధ్యలో పట్టుకుంటే మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది. మేడ మీద యాంటెన్నా, దాని పక్కన ల్యాప్‌టాప్ కనపడితే ఎవరికో అనుమానం రాకమానదు. సరదాకి చేసే పని కాదిది.

ఉక్కునగరం:
యారాడకొండ గారూ, ఈయన అడుగుతున్నది ఒకరి మాటలు వినడానికి కాదండీ. ప్రతి టవరూ తన నంబరు, నెట్‌వర్క్ కోడ్ ఆగకుండా ప్రసారం చేస్తుంది. ఫోన్ ఆన్ చెయ్యగానే మొదట వినేది దాన్నే. కాల్స్, మెసేజ్‌లు నడిచే ఛానెళ్ళ జోలికి ఎవరైనా వెళ్తే అప్పుడు మీరన్న సెక్షన్ గురించి మాట్లాడుకోవాలి.

మువ్వలవానిపాలెం గారూ, స్కాన్ పక్కన పెట్టండి. జీక్యూఆర్‌ఎక్స్ (సిగ్నల్స్‌ని గీతగా చూపే ప్రోగ్రామ్) తెరిచి 947 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగండి. శాంపిల్ రేటు 2.4, ఆటో గెయిన్ తీసేసి 40. అక్కణ్ణుంచి 935–960 మధ్య మెల్లగా జరుపుతూ చూడండి. జీఎస్‌ఎం క్యారియర్ (టవర్ పంపే 2జీ సిగ్నల్) 200 కిలోహెర్ట్జ్ వెడల్పున గుట్టలా లేస్తుంది. వాటిలో బీసీసీహెచ్ (టవర్ వివరాలు ప్రసారమయ్యే ఛానెల్) ఉన్నది ఎప్పుడూ ఆరదు, మిగతావి కాల్స్‌ని బట్టి వస్తూ పోతూ ఉంటాయి. 4జీ అయితే 10 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో 9 మెగాహెర్ట్జ్ దాకా సమానంగా పరుచుకుంటుంది. మనకు ఒకేసారి కనపడేది 2.4 మెగాహెర్ట్జే కాబట్టి దాని అంచు కనపడదు. నాయిస్ కాస్త లేచిందిలే అనుకుని దాటిపోతారు.

కాలిబ్రేట్ వెతికేది జీఎస్‌ఎం టవర్ పంపే ఎఫ్‌సీసీహెచ్ టోన్‌ని (ఫోన్లు ఫ్రీక్వెన్సీ సరిచూసుకునే సిగ్నల్) మాత్రమే. అది క్యారియర్ మధ్య నుంచి 67.7 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. 4జీ, 5జీలలో ఆ టోనే లేదు. జియోకు మొదట్నుంచీ 2జీ లేదు, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్‌కు ఉంది. ఎదురుగా కనిపించే టవర్ మీద ఎవరి యాంటెన్నాలు ఉన్నాయో, ఏ బ్యాండ్‌వో తెలీకుండా 'కళ్ళెదురుగా ఉంది' అంటే లాభం లేదు.

మువ్వలవానిపాలెం:
947 దగ్గర ఏమీ లేదు. బ్యాండ్ మొత్తం జరిపా, గీత చదునుగా ఉంది. గెయిన్ 49 దాకా పెంచి చూశా. ఇదే డాంగిల్‌తో విమానాలు పంపే సిగ్నల్స్ బ్రహ్మాండంగా వస్తున్నాయి, సముద్రం మీద ఎంతో దూరాన్నవి కూడా. అందుకే డాంగిల్ మంచిదే అన్నా.

ఉక్కునగరం:
విమానాలా? డాంగిల్ నీలం రంగుదా, విమానాల కోసమే అమ్మేదా?

మువ్వలవానిపాలెం:
అవును, నీలమే. ఆర్‌టీఎల్ చిప్పే కదా, దేనికైనా ఒకటే.

దొండపర్తి:
హమ్మయ్య, దొరికింది.

ఉక్కునగరం:
చిప్ ఒకటే గానీ, ముందున్నది వేరు. ఆ రకంలో యాంటెన్నా సాకెట్‌కీ ట్యూనర్‌కీ మధ్య, విమానాల సిగ్నల్ ఉండే 1090 మెగాహెర్ట్జ్‌ని మాత్రమే వదిలే ఫిల్టర్ బోర్డు మీదే అతికించి ఉంటుంది. మొబైల్ టవర్ల రొద విమానాల సిగ్నల్‌ని ముంచెయ్యకుండా ఉండటానికే దాన్ని పెట్టారు. అంటే 900 బ్యాండ్‌ని ఆపడమే దాని పని! సాఫ్ట్‌వేర్‌లో తీసెయ్యలేరు. ఫిల్టర్ లేని మామూలు డాంగిల్ తెచ్చుకోండి. ఆర్820టీ2 ట్యూనర్ చిప్, టీసీఎక్స్‌ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ పెద్దగా మారని క్రిస్టల్) ఉన్నదైతే మేలు.

టీసీఎక్స్‌ఓ ఎందుకంటే, కాలిబ్రేట్ 40 కిలోహెర్ట్జ్ మించిన తేడాని లెక్కలోకి తీసుకోదు. మామూలు క్రిస్టల్ 50 పీపీఎం తప్పితే 945 దగ్గర అది 47 కిలోహెర్ట్జ్. టవర్ ఉన్నా లేదనే చెబుతుంది. అలాంటి డాంగిలే ఉంటే కాలిబ్రేట్ -e ఆప్షన్‌లో ఓ 50 పీపీఎం ఇచ్చి చూడండి, తర్వాత మైనస్ 50. స్కాన్‌కి ముందు పావుగంట వేడెక్కనివ్వాలి.

యాంటెన్నా కడ్డీ 7.9 సెంటీమీటర్లకు లాగితే 950కి పావు తరంగం. అంతకన్నా పొడుగు లాగి లాభం లేదు.

ఎర్రమట్టి దిబ్బలు:
కడ్డీ సరే, వైరు సంగతి ఎవరూ అడగరేం? డాంగిల్‌తో వచ్చే సన్న కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు దాదాపు 1 డీబీ సిగ్నల్ తినేస్తుంది. కేబుల్ పొట్టిగా ఉంచి, యూఎస్‌బీ వైరు పొడిగించుకోవాలి. అదీగాక బీచ్‌రోడ్డు వైపు ఉన్నవాళ్ళు ఎస్‌ఎంఏ కనెక్టర్ (యాంటెన్నా వైరు బిగించేది) మేడ మీద వదిలేస్తే ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టేస్తుంది. బిగించాక రబ్బరు టేపు సాగదీస్తూ చుట్టి, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు. టేపు ముందు చుట్టి కనెక్టర్ తర్వాత బిగించేవాళ్ళూ ఉన్నారు, ఏం చెప్పాలి.

యారాడకొండ:
నేనడిగినదానికి మాత్రం సూటిగా జవాబు రాలేదు. నెట్‌వర్క్ కోడ్ అయినా అది లైసెన్సు ఉన్న కంపెనీది కదా?

దొండపర్తి:
మీ ఫోన్ కూడా చదువుతోంది సార్ దాన్ని.

మువ్వలవానిపాలెం:
ఫిల్టర్ లేని డాంగిల్ తెచ్చా. మూడు ఛానెళ్ళు వచ్చాయి! ఒకటి మైనస్ 35 చూపిస్తోంది జీక్యూఆర్‌ఎక్స్‌లో. ఫోన్‌లో *#*#4636#*#* కొట్టి సిగ్నల్ మెనూ చూస్తే మైనస్ 108. ఏది నిజం?

ఎర్రమట్టి దిబ్బలు:
రెండూ ఆర్‌ఎస్‌ఎస్‌ఐయే (అందిన మొత్తం సిగ్నల్ బలం), డాంగిల్‌కి గెయిన్ ఉంది కాబట్టి ఎక్కువ చూపిస్తుంది.

ఉక్కునగరం:
కాదండీ. జీక్యూఆర్‌ఎక్స్ చూపేది డీబీఎఫ్‌ఎస్, అంటే డాంగిల్ నిండటానికి ఇంకా ఎంత ఉందో అంతే. గెయిన్ మారిస్తే మారిపోతుంది. ఫోన్ చూపే 4జీ అంకె ఆర్‌ఎస్‌ఆర్‌పీ, డీబీఎంలో, అంటే మిల్లీవాట్‌తో పోల్చిన పవర్. అది ఒక్క సబ్‌క్యారియర్ (ఛానెల్‌ని చీల్చిన సన్న ముక్కల్లో ఒకటి) పవర్. 10 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో అలాంటివి 600, ఛానెల్ పూర్తి లోడ్‌తో ఉంటే మొత్తం పవర్ దానికి 28 డీబీ దాకా ఎక్కువ. పైగా మీ డాంగిల్‌లో చూస్తున్నది 2జీ, ఫోన్ చెబుతున్నది 4జీ. పోల్చడానికే లేదు.

ఎర్రమట్టి దిబ్బలు:
ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని ఫోన్‌లోనే రాసుంటుంది, నేను కనిపెట్టింది కాదు.

ఉక్కునగరం:
రెండూ రాసుంటాయి, పక్కపక్కనే. సరే వదిలేద్దాం.

4జీ కావాలంటే ఎల్‌టీఈ సెల్ స్కానర్ (4జీ టవర్లు వెతికే ప్రోగ్రామ్) వాడండి, 869 నుంచి 894 మెగాహెర్ట్జ్ దాకా, బ్యాండ్ 5. సింక్ సిగ్నల్స్, ఎంఐబీ (టవర్ పంపే మొదటి వివరాలు) రెండూ ఛానెల్ నడిమి 1.08 మెగాహెర్ట్జ్‌లోనే ఉంటాయి, 1.92 శాంపిల్ రేటు చాలు. సెల్ ఐడీ వస్తుంది. బ్యాండ్ 3 డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కి వచ్చేది) 1805 నుంచి మొదలు, ఆర్820టీ2 పరిమితి 1766. బ్యాండ్ 40 అయితే 2300 పైన. వాటికి హ్యాక్ఆర్ఎఫ్ అనే వేరే రేడియో కావాలి. వెనక గదికైతే ఇవేవీ అక్కర్లేదు. అదే ఫోన్ మెనూలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, బ్యాండ్ ముందు గదిలో ఒకసారి, వెనక గదిలో ఒకసారి రాసుకోండి. మైనస్ 108 ఏ గదిలోదో చెప్పనే లేదు మీరు.

దొండపర్తి:
వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే గొడవ లేదు.

యారాడకొండ:
హ్యాక్ఆర్ఎఫ్ ప్రసారం కూడా చేస్తుంది. దానికి మళ్ళీ వేరే లైసెన్సు.

మువ్వలవానిపాలెం:
వెనక గదిలోదే. బ్యాండ్ 40 అని ఉంది. థాంక్స్ అందరికీ, పాత డాంగిల్ విమానాలకే ఉంచేస్తా.

ఎర్రమట్టి దిబ్బలు:
కేబుల్ ఎంత పొడుగుందో చెప్పలేదు.