అడవి జంతువులే నాయకులైన కుటుంబ చిత్రాలు: మీ పిల్లలకు ఏవి, ఏ వయసులో చూపించారు?

తుంగభద్ర తీరం
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఆరేళ్లు. పోయిన ఆదివారం 1994 నాటి 'ది లయన్ కింగ్' చూపించాము. లోయలో తొక్కిసలాట తరువాత సింహం పిల్ల సింబా చనిపోయిన తన తండ్రి చేతి కింద దూరి పడుకునే దృశ్యం వచ్చేసరికి మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయింది. ఆ రాత్రి రెండుసార్లు లేచి, నిద్రపోతున్న వాళ్ల నాన్న ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతున్నదో లేదో చూసింది. ఇటువంటి చిత్రాలు ఏ వయసులో చూపించవచ్చు? తెలుగు అనువాదం మేలా, మూలమే మేలా? బొమ్మలు కాకుండా నిజమైన జంతువులతో తీసినవి ఏవైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఇద్దరు బిడ్డల తల్లి
నిజమైన జంతువులు కావాలని నేను కూడా 1988లో జాన్ జాక్ అనో తీసిన 'ది బేర్' పెట్టాను. కథ మొదలైన కాసేపటికే, తేనె కోసం తవ్వుతున్న తల్లి ఎలుగుబంటి మీద బండ దొర్లి పడుతుంది. ఆ చిత్రంలో మాటలు చాలా తక్కువ కనుక, పిల్ల ఎలుగు తల్లి ఒంటిని ముట్టె (మూతి)తో తడుముతూ చేసే మూలుగు తప్ప మరేమీ వినిపించదు. మా వాడు ఏడవలేదు, "దానికి ఇక తేనె ఎవరు తీసి పెడతారు?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తరువాత పెద్ద మగ ఎలుగు ఆ పిల్లను చేరదీస్తుంది. మగ ఎలుగుబంట్లు పిల్లలను చంపే సందర్భాలే అడవిలో ఎక్కువని తరువాత చదివి, నా బిడ్డకు అబద్ధం చూపించానా అని బాధపడ్డాను.

నల్లమల నడక
వయసు సంగతి తల్లిదండ్రులే తేల్చుకోవాలి. 'లయన్ కింగ్' చిత్రం దుమ్ములగొండిని (హైనాను) దొంగగా చూపిన తీరు మాత్రం సరైనదే. మా నాన్నగారు అటవీ శాఖలో పనిచేసినందువల్ల చిన్నప్పటి నుండి ఆయన వెంట తిరిగాను. దుమ్ము అంటే ఎముక, ఆ పేరులోనే దాని బ్రతుకు ఉన్నది. ఎముకలు నమిలి తినడం వల్ల దాని పెంట ఎండితే సున్నపు ఉండల వలె తెల్లగా ఉంటుంది, నేను చేత్తో తీసి చూశాను. ఇతరులు చంపినదాని కోసం కాచుకుని ఉండే జంతువు అది.

సవానా పాఠకుడు
నడక గారు, మీరు చూసినది మన చారల దుమ్ములగొండి. చిత్రంలో ఉన్నవి ఆఫ్రికాలోని మచ్చల దుమ్ములగొండులు, అవి వేరే జాతి. 1960లలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో రాత్రంతా వాటి వెంట తిరిగి, అవి తమ ఆహారంలో అధిక భాగాన్ని స్వయంగా వేటాడుకుంటాయనీ, అక్కడ అవి చంపినదాన్ని సింహాలే వచ్చి లాక్కుంటాయనీ గమనించారు. పైగా వాటి గుంపుకు పెద్ద సాధారణంగా ఆడదే. తమ వేటను పోగొట్టుకునే జంతువులను దొంగలుగా చూపించి, లాక్కునే జంతువును రాజుగా నిలబెడితే, పిల్లల మనసులో ఆ ముద్ర జీవితాంతం ఉండిపోతుంది.

నల్లమల నడక
పుస్తకం చదివినవారికి అడవిలో తిరిగినవారిని దిద్దే హక్కు ఎవరు ఇచ్చారో తెలియదు. జాతి వేరైనా దవడ ఒకటే, ఎముకను కొరికే పద్ధతి ఒకటే. నేను చూసినది అబద్ధమని అంటున్నారా?

సవానా పాఠకుడు
మీరు చూసినది నిజం. దానిని ఆఫ్రికాకు అంటగట్టడమే తప్పు. సింహాల విషయంలోనూ ఇదే జరిగింది. మగ పిల్ల రెండు మూడేళ్ల వయసులో పుట్టిన గుంపును వదిలి వెళ్లిపోవాలి, ఏళ్ల తరబడి కలిసి ఉండి వేటాడేది ఆడ సింహాలు. సింబా తిరిగి వచ్చి ఏలడం మనుషుల కథ.

మాట పెదవి
నేను 15 ఏళ్లుగా అనువాద చిత్రాలకు సంభాషణలు రాస్తున్నాను కనుక, ఎవరూ పట్టించుకోని రెండవ ప్రశ్నకు అధికారంతోనే చెబుతున్నాను. గీసిన బొమ్మ నోరు మూస్తే అక్కడ ప, బ, మ వంటి అక్షరం పడాలి, లేకపోతే మాట అతకదు. 2019లో మళ్లీ తీసిన 'లయన్ కింగ్'లో సింహాలను అచ్చం నిజమైనవాటి వలె చేశారు కనుక, వాటి ముఖంలో కోపమూ దుఃఖమూ పెద్దగా కనిపించవు, ఆ భారమంతా గొంతు మీద పడుతుంది. నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ పలికిన ఆ తెలుగు అనువాదంలో సింబా స్నేహితులు పుంబా, టిమోన్ దగ్గర పిల్లలు నవ్వుతారు, కాబట్టి భయపడే బిడ్డకు అదే చూపించండి.

ఇద్దరు బిడ్డల తల్లి
అయ్యా, గొంతు ఎంత బాగున్నా తండ్రి చనిపోవడం చనిపోవడమే కదా. ఆవిడ అడిగినది నిద్రపోని బిడ్డ గురించి.

ఉప్పునీటి ఉత్తరం
నిజమైన జంతువులు కావాలనేవారు కైకో సంగతి తెలుసుకోవాలి. 1993 నాటి 'ఫ్రీ విల్లీ'లో ఒక పిల్లవాడు విడిపించిన ఓర్కా తిమింగలం అది. 1979లో ఐస్‌లాండ్ దగ్గర పట్టుకున్న ఆ ప్రాణి, తెర మీద సముద్రంలోకి దూకి వెళ్లిపోయిన తరువాత కూడా మెక్సికో నగరంలోని ఇరుకు కొలనులో, ఒంటి మీద పుండ్లతో ఉండిపోయింది. సంగతి బయటపడి పిల్లలు సైతం డబ్బు పంపిన మీదట, 1996లో ఓరెగాన్‌కు, 1998లో ఐస్‌లాండ్‌కు చేర్చారు. 2002లో వదిలితే అది నార్వే దాకా ఈది వెళ్లి అక్కడ మళ్లీ మనుషులనే వెతుక్కున్నది, 2003 డిసెంబరులో చనిపోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ వార్తను కత్తిరించి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. ఆ రోజు నుండి నిజమైన జంతువును ఆడించిన చిత్రం చూడలేకపోతున్నాను.

పాత రీలు
మన దగ్గర కొంత కట్టడి ఉన్నది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, వీటిని ఆడించకూడదని 1998లోనే కేంద్రం ప్రకటన ఇచ్చింది. ఏనుగు ఆ జాబితాలో లేదు. 1993లో ఎస్.వి. కృష్ణారెడ్డి గారి 'రాజేంద్రుడు గజేంద్రుడు' వచ్చినప్పుడు మా ఊరి హాలులో పిల్లలమంతా నేల మీద కూర్చుని, ఏనుగు తొండం ఎత్తినప్పుడల్లా చేతులు ఎత్తాము. మచ్చికైన ఏనుగే అయినా, తెలుగులో ఒక జంతువు కథను అంతగా మోసిన ఇంటిల్లిపాది చిత్రం నాకు మరొకటి గుర్తు రావడం లేదు.

సవానా పాఠకుడు
ఆ ఏనుగును ఎలా మచ్చిక చేశారో కూడా అడగాలి కదా, పాత రీలు గారు.

తుంగభద్ర తీరం
చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. ఎవరినీ ఆడించకుండా అడవి ప్రాణులనే తీసిన చిత్రం కోసం వెతికి, నిన్న 2005 నాటి పెంగ్విన్ల డాక్యుమెంటరీ పెట్టాను. తల్లి సముద్రానికి వెళితే, తండ్రి రెండు నెలలకు పైగా ఆహారం లేకుండా గుడ్డును పాదాల మీద మోస్తూ మంచులో నిలబడతాడు. అందులోనూ కొన్ని పిల్లలు చనిపోతాయి, మా అమ్మాయి చూసింది, ఊరుకున్నది. సాయంత్రం వాళ్ల నాన్న పాదాల మీద టెన్నిస్ బంతి పెట్టి, వంటింటి దాకా పడిపోకుండా నడవమని చెప్పింది. రాత్రి లేవలేదు.

నల్లమల నడక
సంతోషం అమ్మా. దుమ్ములగొండి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఈ నెలాఖరుకు శ్రీశైలం వైపు వెళుతున్నాను. నాన్నగారి పాత నోటు పుస్తకాలు అక్కడి ఇంట్లోనే ఉన్నాయి. ఆయన ఏమి రాశారో చూసి వచ్చి ఇక్కడ పెడతాను.