డిస్క్ ఆపరేషన్ అయి 12 రోజులు: బాత్రూమ్, వంట, కింద కూర్చోవడం, బర్రెల పని ఎప్పటి నుంచి?

జామచెట్టు_నీడ:
మా అమ్మకు (54 ఏళ్లు) నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్‌కు, మైక్రోడిస్కెక్టమీ (చిన్న కోతతో చేసే డిస్క్ ఆపరేషన్) చేశారు. రాడ్లు, స్క్రూలు వేయలేదు. 12 రోజులైంది, కుట్లు ఎల్లుండి తీస్తామన్నారు. కాల్లోకి దిగే గుంజుడు చాలా తగ్గింది, బొటనవేలి దగ్గర తిమ్మిరి మాత్రం అట్లనే ఉంది. డిశ్చార్జి కాగితంలో "వంగొద్దు, బరువు ఎత్తొద్దు, 6 వారాలు విశ్రాంతి" అని తప్ప ఇంకేం లేదు.

జగిత్యాల దగ్గర పల్లెటూరు. పెరట్లో ఇండియన్ టాయిలెట్. వంట గట్టు మీదే గానీ కూరగాయలు కోసేది కింద కూర్చుని, కత్తిపీట మీద. రెండు పాడి బర్రెలు ఉన్నాయి. మూడు నెలలు మంచం దిగొద్దని కొందరు, నూనె మర్దన చేయిస్తే తిమ్మిరి పోతుందని కొందరు అంటున్నారు. కుట్లు తీయించడానికి కరీంనగర్ పోవాలి. బస్సులో తీసుకెళ్లొచ్చా? ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పగలరా?

ఫిజియో_ఓరుగల్లు:
మూడు నెలలు మంచం అన్న మాటను ముందు పక్కన పెట్టండి. ఈ ఆపరేషన్‌లో నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేస్తారు, మిగతా డిస్క్ లోపలే ఉంటుంది. ముక్క బయటికొచ్చిన చోట డిస్క్ పైపొరలో చిల్లు ఉంటుంది, అది మచ్చకట్టి గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఈలోపు లోపలి ఒత్తిడి బాగా పెరిగితే అదే చిల్లులోంచి ఇంకో ముక్క రావచ్చు. వంగొద్దన్నది అందుకు. నడవొద్దని దాని అర్థం కాదు. పడుకునే ఉంటే కండ పోతుంది, మలబద్ధకం వస్తుంది, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఒత్తిడి సంగతి అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1999లో జర్మనీలో ఒక ఆరోగ్యవంతుడి ఎల్4-ఎల్5 డిస్క్‌లోకే సెన్సార్ పంపి కొలిచారు. నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), వెల్లకిలా పడుకుంటే 0.1, కూర్చుని ముందుకు వంగితే 0.83, నిలబడి వంగితే 1.1. నడుము వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. అదే బరువు మోకాళ్లు వంచి ఎత్తినా 1.7, అంటే నిలబడినప్పటికి మూడు రెట్లు పైనే. "మోకాళ్లు వంచి ఎత్తితే ఏం కాదు" అన్న సలహా మొదటి 6 వారాల్లో పనికిరాదు.

ఇప్పటికి రోజుకు ఐదారు సార్లు, ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు చదునైన చోట నడిపించండి. రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచండి. ఆరో వారానికి ఒకేసారి 30 నిమిషాలు నడవగలగాలి. నడిచాక నడుము బరువెక్కి గంటలో సర్దుకుంటే పెంచొచ్చు. నొప్పి కాల్లోకి దిగినా, మర్నాటికీ పోకున్నా ముందటి రోజు కొలతకు తగ్గండి.

మంచం దిగేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తారు. వెల్లకిలా ఉన్నవాళ్లు తిన్నగా లేవకూడదు, ఎవరూ చేయి పట్టి లాగకూడదు. మోకాళ్లు మడిచి, భుజం, తుంటి కలిపి ఒకేసారి దుంగలా పక్కకు దొర్లాలి. తర్వాత కాళ్లు మంచం కిందికి జార్చుతూ మోచేత్తో, రెండో అరచేత్తో మంచాన్ని నెట్టి లేవాలి. పడుకోవడం దీనికి తిరగేసి. నవారు మంచం కుంగుతుంది కాబట్టి ఇప్పుడు వద్దు, చెక్క మంచం మీద గట్టి పరుపు వేయండి.

కూర్చోవడం ఒక విడత 20 నిమిషాలు, చేతులున్న గట్టి కుర్చీలో, నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టి. తుమ్ము, దగ్గు వచ్చేటప్పుడు ఒక చేయి గోడకో తొడకో ఆనించి నడుము నిటారుగా ఉంచమనండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ వంగి ఉండగా వచ్చిన ఒక్క గట్టి తుమ్ము చాలు ఇబ్బంది పెట్టడానికి.

పెరటి_బావి:
ఇంటి వైపు సర్దుబాట్లు నేను చెబుతాను. అసలు కష్టమంతా మన ఇళ్లలో సగం పని నేల మీదే ఉండడం. అమ్మ చేతికి కావలసినవన్నీ తొడ ఎత్తుకూ ఛాతీ ఎత్తుకూ మధ్యకు తెచ్చేయండి. చెంబు, చెప్పులు, మందుల డబ్బా, ఫోన్ చార్జర్ కూడా.

టాయిలెట్‌కు అడుగు తెరిచి ఉన్న కమోడ్ కుర్చీ దొరుకుతుంది, పాన్ మీదికి వచ్చేలా పెట్టుకోవచ్చు. కొనేముందు పాన్ వెడల్పు, దాని చుట్టూ ఉన్న గట్టు కొలవండి. నాలుగు కాళ్లూ ఒకే మట్టం మీద ఆనకపోతే కుర్చీ ఊగుతుంది, పల్లెటూళ్లలో పాన్‌ను మెట్టు మీద కడతారు కాబట్టి ఇక్కడే తేడా వస్తుంది. సీటు 17, 18 అంగుళాల ఎత్తుండాలి. కాళ్ల రబ్బరు బుడిపెలు అరిగినవైతే తడి నేల మీద జారతాయి. నీళ్ల చెంబు కుడిపక్క చిన్న స్టూలు మీద పెట్టండి, వెనక్కి తిరిగి అందుకునే అవసరం రాకూడదు. లేవడానికి గోడకు ఒక ఇనుప పిడి బిగించండి. కుళాయి పైపు పట్టుకుని లేవడం అలవాటైతే ఏదో ఒకరోజు అది ఊడి చేతికొస్తుంది. రాత్రిపూట పెరట్లోకి నడిపించకుండా గదిలోనే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది.

స్నానానికి రెండు స్టూళ్లు: ఒకటి కూర్చోవడానికి, ఒకటి బకెట్‌కు. బకెట్ వేరేవాళ్లు నింపాలి. పాదాలు తోమడం, తల రుద్దడం కూడా ఇంకొకరే చేయాలి.

వంట గట్టు దగ్గర 10, 15 నిమిషాలు నిలబడడం ఇప్పుడైనా చేయొచ్చు. ఒక పాదం కింద ఇటుక ఎత్తు చెక్క పెట్టి, కాసేపటికి కాలు మార్చుకోవాలి. కత్తిపీట అటక ఎక్కించి చాకు, చెక్క ఇవ్వండి. అన్నంతో ఉన్న 5 లీటర్ల కుక్కర్ దాదాపు 5 కిలోలు తూగుతుంది, దించేది వేరేవాళ్లే. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోలు, దొర్లించడం కూడా వద్దు. రెగ్యులేటర్ తిప్పడానికి వంగాలి, అదీ మీరే చూసుకోండి. ఊడ్చడానికి పొడుగు కర్ర చీపురైనా 6 వారాల తర్వాతే, ఎందుకంటే అందులో నడుము మెలి తిరుగుతుంది.

కరీంనగర్‌కు వీలుంటే కారు మాట్లాడండి. ముందు సీటు కొంచెం వెనక్కి వాల్చి, ముందు కూర్చుని ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. 30, 40 నిమిషాలకు ఆపి ఐదు నిమిషాలు నడిపించండి. బస్సే దిక్కైతే చివరి సీట్లు అసలు వద్దు, వెనక చక్రాలకు అవతల ఉంటాయి కాబట్టి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగరేస్తాయి. రెండు చక్రాల మధ్య సీటు చూడండి. ఆటో, బైకు వద్దు.

నడుము బెల్టు ఇచ్చి ఉంటే పొద్దంతా పెట్టి ఉంచండి.

ఫిజియో_ఓరుగల్లు:
బెల్టు మాట ఒక్కటి సరిచేయాలి, పెరటి_బావి గారూ. మైక్రోడిస్కెక్టమీకి చాలామంది సర్జన్లు బెల్టే ఇవ్వరు. ఇచ్చి ఉంటే ప్రయాణానికి, నడకకు మెత్తటి బనీను మీద వేసుకుంటే చాలు. పడుకున్నప్పుడు తీసేయాలి. బెల్టు ఉంది కదా అని బరువు ఎత్తేవాళ్లూ ఉన్నారు, అది డిస్క్‌ను కాపాడదు. మిగతాదంతా మీరు చెప్పినట్టే.

ఇంకోటి, ఈ లెక్కలు రాడ్లు, స్క్రూలు వేసిన ఫ్యూజన్‌వాళ్లు పట్టుకోకండి. అక్కడ ఎముక అతుక్కోవాలి, దానికి నెలలు పడుతుంది. బరువులు, వంగడం విషయంలో ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పేదాకా ఆగాల్సిందే.

తెల్లకోటు_నర్సు:
గాయం, మందుల సంగతి రాస్తున్నా. కుట్లు తీశాక గాయం పూర్తిగా పొడిగా ఉందని డాక్టర్ చూసి చెబితేనే దాని మీద నీళ్లు పడనివ్వండి. తర్వాత అద్దినట్టు తుడవాలి, రుద్దకూడదు. పసుపు, నూనె, పౌడరు ఏదీ వద్దు.

మర్దన వద్దు. ఆ తిమ్మిరి నరం లోపలిది, పైన రుద్దితే పోదు. నొక్కుడు పోయాక సాధారణంగా నొప్పి ముందు తగ్గుతుంది, స్పర్శ అన్నిటికన్నా ఆలస్యంగా, నెలల మీద వస్తుంది. పిక్క వాచి ఉంటే మర్దన ప్రమాదం కూడా, అది రక్తపు గడ్డ కావచ్చు. తిమ్మిరి ఉన్న పాదానికి వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా ఆమెకు తెలియదు.

చీటీలో ట్రమడాల్ (నొప్పి మందు) ఉంటే మలబద్ధకం చేస్తుంది. ముక్కితే నడుముకు మంచిది కాదు, నీళ్లు బాగా తాగించి, ఇసబ్‌గోల్ గానీ సిరప్ గానీ డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. ప్రెగాబలిన్, గాబాపెంటిన్ (నరాల నొప్పి మందులు) వాడేవాళ్లకు మత్తుగా ఉంటుంది, రాత్రి లేచేటప్పుడు తోడుండాలి. నొప్పి పోయిందని అవి ఒక్కసారిగా ఆపకూడదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రెండు వేర్వేరు పేర్లతో రెండు చీటీల్లో ఉండి, రెండూ మింగేవాళ్లు ఉంటారు. మాత్రల వెనక ఉన్న మందు పేరు చదవండి.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవకపోయినా, మడమల మీద నడవలేకపోయినా అంతే. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. 100.4 దాటిన జ్వరం, గాయం నుంచి చీము, ఒక పిక్క వాపు ఉంటే అదే రోజు చూపించాలి. గాయం నుంచి నీళ్లలాంటిది కారుతూ, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతుంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం లీకవుతున్నట్టు అనుమానించాలి. అదీ అదే రోజు.

జామచెట్టు_నీడ:
అందరికీ చాలా థ్యాంక్సండీ. కమోడ్ కుర్చీకి కొలతలు తీసుకున్నాం. బర్రెల సంగతి, కింద కూర్చోవడం గురించి కూడా చెప్పండి. ఆమె ఆగేలా లేదు, పాలు పిండడమైనా చేస్తానంటోంది.

ఫిజియో_ఓరుగల్లు:
పాలు పిండేటప్పుడు గొంతుక్కూర్చుని, ముందుకు వంగి, పదిహేను నిమిషాలు అలాగే ఉంటారు. డిస్క్‌కు అది చాలా చెడ్డ భంగిమ. పైగా బర్రె కదిలితే చటుక్కున మెలి తిరగాలి. 6 వారాలు కొట్టం వైపే పోనివ్వకండి. పలుపుతాడు పట్టుకోవడం కూడా వద్దు. బరువు ఎంతో ముందే తెలిస్తే ఒళ్లు సిద్ధపడుతుంది, బర్రె గుంజుడుకు ఆ వ్యవధి ఉండదు.

6 నుంచి 12 వారాల మధ్య, కాలి నొప్పి లేకపోతే, సాధువైన బర్రెకు మాత్రం అడుగు ఎత్తు స్టూలు వేసుకుని, పొదుగుకు బాగా దగ్గరగా జరిగి, నడుము గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గర వంగి ఐదు నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. పాల బకెట్ మోసేది వేరేవాళ్లు. పేడ ఎత్తడం, గంప తలకెత్తుకోవడం, గడ్డిమోపు 12 వారాల లోపు వద్దు. బరువులు ఇప్పుడు 2 కిలోల దాకా, 6 వారాలకు 5 కిలోలు, 12 వారాలకు 10 కిలోలు అనుకోండి. సర్జన్ వేరే అంకె చెబితే ఆ అంకే లెక్క.

బాసింపట్టు వేస్తే కటి వెనక్కి వాలి నడుము గుండ్రమవుతుంది, అందుకే 12 వారాల దాకా భోజనం, పూజ కుర్చీలోనే. ఆ తర్వాత కూడా ఒకేసారి నేల మీదికి కాకుండా, 6 అంగుళాల పీట మీద, మోకాళ్లు తుంటికన్నా కిందికి ఉండేలా. దిగేటప్పుడు కుర్చీ పట్టుకుని ఒక మోకాలు ముందు ఆనించి దిగాలి, లేచేటప్పుడూ అదే కుర్చీ ఆసరా. ఎల్లుండి కుట్లు తీయించేటప్పుడు మడమల మీద నడిపించి చూడమని, బర్రెల పని ఉంటుందని సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. "ఇంట్లో పనులే" అని చెబితే ఆయన గిన్నెలు కడగడం అనుకుంటారు.