తొలి స్థాయి ఫ్రెంచ్: విద్యార్థి ముందు మాట్లాడవలసింది తన ఊరి గురించా, పుస్తకంలోని ఊరి గురించా?

తొలిమెట్టు (చర్చ ప్రారంభించినవారు)

పెద్దవాళ్లకు మొదటి స్థాయి ఫ్రెంచ్ చెబుతుంటాను. ‘మీ ఊళ్లో ఏమేమి చేయవచ్చు’ అనే పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకే ఇబ్బంది. పుస్తకంలో ఒక ఊరి పటం ఉంటుంది. అందులో ఈతకొలను, సినిమా హాలు, గ్రంథాలయం, పార్కు. పటం చూస్తూ అందరూ వాక్యాలు గడగడా అప్పజెబుతారు. పుస్తకం మూయించి ‘మరి మీరుండే చోట?’ అని అడిగితే ఒక్కరికీ నోరు పెగలదు.

ఈమధ్య ఒకావిడ ‘జ ఫే ద్యూ స్కీ’ అని రాసి ఇచ్చారు. స్కీయింగ్ చేస్తానని అర్థం. ఫ్రెంచ్‌లో వస్తువుల, పనుల పేర్లకూ లింగం ఉంటుంది, దాన్నిబట్టి పక్కనుండే చిన్న మాట మారుతుంది. ఆవిడ వాక్యంలో తప్పు లేదు. ఎప్పుడైనా మంచు మీద నిలబడ్డారా అని అడిగాను. ‘లేదండీ, స్కీ పుంలింగమని గుర్తుంది. తప్పు దొర్లదు కదా అని రాశాను’ అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. తప్పు దొర్లకుండా ఉండటానికి ఆవిడ తనది కాని జీవితాన్ని రాసుకున్నారు. అలా రాయడం నేర్పింది నేనే.

అందుకని ఈసారి పటం పక్కన పెట్టి, మొదటి రోజు నుంచే వాళ్ల ఊరి గురించి మాట్లాడించాలనుకుంటున్నాను. రెండే రెండు పలుకుబళ్లు ఇస్తాను. ‘ఇల్ యా’ అంటే ఫలానాది ఉంది. ‘ఓఁ ప్యూ’ అంటే ఫలానా పని చేయవచ్చు. వ్యాకరణం తర్వాత. నాతోపాటు బోధించే ఒకరు ఇది పునాది లేని ఇల్లు అంటున్నారు. మీరేమంటారు?

పునాదిరాయి

ఆ మాట అన్నవారితో నేను ఏకీభవిస్తాను. మీ బాధ అర్థమైంది, కానీ మందు సరైనది కాదు.

ఊళ్లో చేసే పనుల గురించి మాట్లాడటమంటే ఫ్రెంచ్‌లో మూడు క్రియలతో తలపడటం. అవి అలే, జువే, ఫేర్. వెళ్లడం, ఆడటం, చేయడం. మూడింటి వెనకా లింగభేదం పొంచి ఉంటుంది. సినిమాకు వెళ్తే ‘ఓ సినెమా’, ఈతకొలనుకు వెళ్తే ‘ఆ లా పిసీన్’. ఫుట్‌బాల్ ఆడితే ‘జువే ఓ ఫుట్‌బాల్’, పియానో వాయిస్తే అదే క్రియతో ‘జువే ద్యూ పియానో’. మనకు ఆడటం వేరు, వాయించడం వేరు. వాళ్లకు క్రియ ఒకటే, పక్కన నిలిచే చిన్న మాట మారుతుంది. ఆ చిన్న మాటను మొదట్లోనే చెవికి ఎక్కించకపోతే రెండేళ్ల తర్వాత కూడా దిద్దలేం. నేను ప్రయత్నించి ఓడిపోయాను.

వ్యతిరేకార్థం మరీ కష్టం. ‘జ ఫే ద్యూ వేలో’, సైకిల్ తొక్కుతాను. తొక్కను అనాలంటే ద్యూ పోయి ‘ద’ వస్తుంది: ‘జ న ఫే పా ద వేలో’. కానీ ఫుట్‌బాల్ ఆడను అన్నప్పుడు ‘ఓ’ చెక్కుచెదరదు: ‘జ న జూ పా ఓ ఫుట్‌బాల్’. ఈ తేడాను ఊరి కబుర్ల మధ్య ఎవరు పట్టుకుంటారు?

పుస్తకంలోని పటం మీకు జైలులా కనిపిస్తోంది. నాకది దడి. లేతమొక్క చుట్టూ కట్టే దడి. అందులోని స్థలాలను ఊరికే ఎంచలేదు. ఒకటి పుంలింగం, ఒకటి స్త్రీలింగం, ఒకటి అచ్చుతో మొదలయ్యేది, ఒకటి బహువచనం. పటం తీసేస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట అడుగుతారు, మీరు నడిచే నిఘంటువు అవుతారు.

రెండో బెంచి

నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, నేర్చుకుంటున్నవాణ్ణి. అందుకే ఒక మాట చెప్పాలనిపించింది.

‘ఓఁ ప్యూ’ విన్న రోజు నాకు పండగలా అనిపించింది. ‘ఇక్కడ ఈత కొట్టవచ్చు’ అనే తెలుగు వాక్యంలో కర్త ఎవరు? ఎవరూ లేరు, ఎవరైనా కావచ్చు. ‘ఓఁ ప్యూ నాజే’ కూడా అంతే. ఆ ‘ఓఁ’ ఫలానా మనిషి కాదు. మన ‘వచ్చు’లో వీలు, అనుమతి రెండూ ఉన్నట్టే ‘ప్యూ’లోనూ రెండూ ఉన్నాయి. అంతకుముందు వారాల తరబడి క్రియారూపాల పట్టికలు బట్టీపట్టాను. ఒక్క వాక్యం కూడా నాదిగా అనిపించలేదు. ఇది మాత్రం నా నోటికి సరిపోయిన మాటలా అతుక్కుంది.

ఇంకో సుఖం ఉంది. ‘ఓఁ ప్యూ’ తర్వాత క్రియ మూలరూపంలోనే ఉంటుంది. నాజే, మార్షే, లీర్. ఈదడం, నడవడం, చదవడం. లింగం లేదు, ఓ లేదు, ద్యూ లేదు. పునాదిరాయి గారు చెప్పిన దడి ఈ పలుకుబడిలోనే ఉందని నాకనిపిస్తుంది. పైగా అది నన్ను వేరొకరి ఊళ్లో కట్టెయ్యదు.

పునాదిరాయి

మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ అడ్డంకులేవీ లేవు కాబట్టే అక్కడే ఆగిపోయేవారిని చూశాను. ఆరు నెలలైనా ‘ఓఁ ప్యూ’, ‘ఓఁ ప్యూ’. ఊళ్లో ఏమి చేయవచ్చో చెబుతారు, తాము ఏమి చేస్తారో చెప్పలేరు. ‘ఈత కొట్టవచ్చు’ అన్నది ఊరి గురించిన సమాచారం. ‘శనివారాల్లో మా చెల్లెలితో ఈతకు వెళ్తాను’ అన్నది మనిషి మాట. ఆ రెండో వాక్యానికి ‘అలే’ కావాలి, ‘ఆ లా’ కావాలి. ‘ల సామ్‌దీ’ అంటే ప్రతి శనివారమనీ, ఉత్త ‘సామ్‌దీ’ అంటే ఈ ఒక్క శనివారమనీ తెలియాలి.

ఎదురుప్రశ్న

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. తరగతిలో అందరిదీ ఒకే ఊరైతే ‘మీ ఊళ్లో ఏమి చేయవచ్చు’ అని ఒకరినొకరు అడగడంలో అర్థమేముంది? అడిగేవారికి జవాబు ముందే తెలుసు. తెలిసినదాన్ని తెలిసినవారికి చెప్పడం సంభాషణ కాదు. పటం విషయంలో కనీసం చెరిసగం సమాచారం ఇచ్చి ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర రాబట్టే ఆట ఆడించవచ్చు. నిజమైన ఊరితో ఆ అవకాశం కూడా పోతుంది.

తొలిమెట్టు గారూ, మీ విద్యార్థుల నోరు పెగలకపోవడానికి కారణం మాటలు లేకపోవడం కాకపోవచ్చు, చెప్పవలసిన అవసరం లేకపోవడం కావచ్చు.

తొలిమెట్టు

ఎదురుప్రశ్న గారూ, ఇది నాకు తట్టనేలేదు. రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

ఊళ్లో ఏమున్నాయో అందరికీ తెలుసు, నిజమే. కానీ ఎవరు ఎక్కడికి వెళ్తారో, ఎందుకు వెళ్లరో తెలియదు. ఒకే గ్రంథాలయం. ఒకరు చదవడానికి వెళ్తారు, ఒకరు ఇంట్లో దొరకని నిశ్శబ్దం కోసం వెళ్తారు, ఇంకొకరు పదేళ్లుగా దాని ముందు నుంచే వెళ్తూ ఒక్కసారీ లోపల అడుగుపెట్టలేదు. అడగదగిన ప్రశ్న ఇక్కడుంది. అలా అడిగితే పునాదిరాయి గారి ‘మనిషి మాట’ తప్పనిసరిగా వస్తుంది, దానితోపాటు ‘అలే’ కూడా.

పరీక్షల బల్ల

ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే దెల్ఫ్ పరీక్షకు విద్యార్థులను తయారుచేసే అనుభవంతో కొంచెం చెబుతాను. ఏ1 (అంటే మొదటి) స్థాయి మౌఖిక పరీక్ష 5 నుంచి 7 నిమిషాలే, మూడు భాగాలు. మొదటి భాగంలో పరీక్షకులు అభ్యర్థి గురించి అడుగుతారు. రెండో భాగంలో తిరగబడుతుంది. మాటలు రాసిన చీటీలు తీసుకుని అభ్యర్థే ప్రశ్నలు అడగాలి. మూడోది కల్పిత సన్నివేశం. రాతపరీక్షలో కనీసం 40 పదాల చిన్న సందేశం ఉంటుంది.

మా పిల్లలు ఎక్కువగా తడబడేది రెండో భాగంలోనే. ఏళ్ల తరబడి జవాబులు చెప్పడం అలవాటైన నోటికి ప్రశ్న రాదు. కాబట్టి ఏ ఊరైనా సరే, ‘కెస్ కోఁ ప్యూ ఫేర్ ఇసీ’, అంటే ‘ఇక్కడ ఏమి చేయవచ్చు’ అనే ప్రశ్నను విడదీయకుండా ఒకే మాటలా మొదటి వారంలోనే నేర్పండి.

యూరప్ మండలి 2001లో ప్రచురించిన భాషా స్థాయుల చట్రం కూడా ఏ1 దగ్గర మాట్లాడే విషయంలో అడిగేది, తానుండే చోటునూ తనకు తెలిసిన మనుషులనూ సరళమైన వాక్యాల్లో వర్ణించగలగడమే. పుస్తకంలోని ఊరు ఆ గమ్యానికి దారి కావచ్చు, గమ్యం మాత్రం విద్యార్థి ఊరే.

పునాదిరాయి

ఇది ఒప్పుకోకుండా ఉండలేను. అయితే ఒక షరతు. ఒక్కొక్కరికి రెండు స్థలాలకు మించి ఇవ్వకండి. తాము నిజంగా వెళ్లేది ఒకటి, ఎన్నడూ వెళ్లనిది ఒకటి. ఆ రెండు మాటల లింగం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. వెళ్లనిదాని వల్ల వ్యతిరేకార్థం దానంతటదే వస్తుంది. నడిచే నిఘంటువు బాధ కూడా తగ్గుతుంది.

రెండో బెంచి

మరి ఫ్రెంచ్‌లో పేరే లేని పనుల సంగతి? నేనుండే చోట ఆడే ఆట ఒకటి ఇంకెక్కడా ఆడరు. నిఘంటువులో వెతికి వెతికి, దొరక్క, ఫుట్‌బాల్ అని రాసేశాను.

తొలిమెట్టు

అలా రాయకండి, దయచేసి. పేరును మన భాషలో ఉన్నట్టే ఉంచి, పక్కన మూడు చిన్న వాక్యాలు చేర్చండి: అది ఆట, ఎంతమంది ఆడతారు, ఎక్కడ ఆడతారు. ‘సే తఁ’, ‘ఇల్ యా’, ‘ఓఁ జూ’ చాలు. మూడూ మొదటి స్థాయివే. పేరు చెప్పి ఊరుకున్నవారికన్నా మీరే ఎక్కువ ఫ్రెంచ్ మాట్లాడినవారవుతారు.

పునాదిరాయి గారూ, మీ షరతుకు ఒప్పుకున్నాను. సోమవారం తరగతి ఉంది. పటం తీసుకువెళ్తాను, కానీ మొదటి పావుగంటకే. ఆ తర్వాత స్కీయింగ్ అని రాసినావిడను ముందుగా అడుగుతాను, వెళ్లే చోటు ఒకటి, వెళ్లని చోటు ఒకటి.