కణత దగ్గర బయాప్సీ: స్కాన్ ఉండగా కోత దేనికి?

మారతహళ్లి పిల్ల:
అమ్మకి 71. నెల నుంచి కణతల్లో పోటు, దువ్వెన తగిలినా ఓర్చుకోలేదు, చపాతీ నాలుగుసార్లు నమిలేసరికి దవడ పట్టేసి కంచం పక్కన పెట్టేస్తోంది. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలో 94 వచ్చింది, బాగా ఎక్కువ. జెయింట్ సెల్ ఆర్టరైటిస్, అంటే రక్తనాళాల గోడలు వాచే జబ్బు కావచ్చని మొన్న స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కణత దగ్గరి నాళంలో ముక్క తీసి చూడాలట, అదే బయాప్సీ. అమ్మేమో "మాత్ర మింగుతున్నాగా, మళ్లీ కోతెందుకే" అంటోంది. అల్ట్రాసౌండ్‌తో తేలదా?

అడయారు బాబాయ్:
తేలుతుందమ్మా. గోడ వాపు వల్ల నాళం చుట్టూ నల్లటి వలయం కనబడితే చాలు. యూరప్ రుమటాలజీ (ఇలాంటి వాపు జబ్బుల వైద్యం) వాళ్లు 2018 నుంచీ ముందు స్కానే చేయమంటున్నారు. పైగా ఈ వాపు నాళం పొడవునా ఉండదు, అక్కడక్కడా ఉంటుంది. బాగున్న చోట ముక్క తీస్తే కోత దండగే కదా?

స్లైడ్ల మధ్య బతుకు:
బాబాయ్ గారు సగమే చెప్పారు. చేసేవాళ్లకి అనుభవం, మంచి మెషినూ ఉంటేనే అని కూడా అదే సిఫార్సులో ఉంది. రోజంతా కడుపు స్కాన్లు తీసే చోటికెళ్లి వలయం వెతకమంటే వాళ్లేం చేస్తారు పాపం! అమెరికా వాళ్లు 2021లో బయాప్సీ వైపే మొగ్గారు. బ్రిటన్ నుంచి 2016లో వచ్చిన టాబుల్ అధ్యయనంలో జబ్బున్నవాళ్లలో స్కాన్ 54 శాతాన్ని పట్టుకుంది, బయాప్సీ 39 శాతాన్నే. ఒప్పుకుంటా. కానీ జబ్బు లేనివాళ్లలో నూటికి 19 మందికి స్కాన్ ఉందనేసింది, బయాప్సీ ఒక్కరికీ అనలేదు. ఏడాది, రెండేళ్లు స్టెరాయిడ్ మింగి షుగరు, ఎముకల అరుగుదల తెచ్చుకోవాల్సిన మనిషికి ఆ తేడా చిన్నదా?

అడయారు బాబాయ్:
ఆ అధ్యయనంలో అసలు జబ్బుందని తేల్చేటప్పుడే బయాప్సీ రిపోర్టు కూడా చూశారు కదండీ, ఇక అది తప్పెలా అవుతుంది!

స్లైడ్ల మధ్య బతుకు:
హహ, ఆ పాయింటు మీదే. అయినా ఈ అమ్మగారికి స్టెరాయిడ్ మొదలైపోయింది. స్కాన్‌లో వలయం కొద్దిరోజుల నుంచే చెరగడం మొదలవుతుంది, గోడలో ఆనవాళ్లు మాత్రం రెండు వారాలైనా సాధారణంగా దొరుకుతాయి. ముక్క కనీసం సెంటీమీటరు ఉండాలని సర్జన్‌కి చెప్పండి, గోరంత తునక పంపితే స్లైడ్లు చూసే మాకేం కనబడదు. బయాప్సీ కోసమని మాత్ర ఆపకండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనబడినా అప్పటికప్పుడే క్యాజువాల్టీకి పరిగెత్తండి.

మారతహళ్లి పిల్ల:
చదివి వినిపించానండీ. అమ్మ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: గుండు చేస్తారా?

స్లైడ్ల మధ్య బతుకు:
లేదమ్మా, కణత దగ్గర కాస్త మేరే తీస్తారు. మత్తు కూడా అక్కడికే. కుట్లు జుట్టులో కలిసిపోతాయి.