ఈ2ఓలో పాత బ్యాటరీ తీసి 280 ఏహెచ్ సెల్స్ వేస్తే ఆడుతుందా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ మహీంద్రా ఈ2ఓ కరెంటు కారు, 48 వోల్టుల లిథియం బ్యాటరీ ప్యాక్. కొత్తలో కంపెనీ చెప్పిన మైలేజీ 100 కిలోమీటర్లు. ఇప్పుడు ఫుల్ చార్జింగు మీద 40 దాటడం లేదు, ఏసీ వేస్తే ఇంకా తక్కువ. బాడీ, మోటారు శుభ్రంగా ఉన్నాయి. ఇక్కడి నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు. ఒక వైపు ఆగకుండా వెళ్లగలిగితే చాలు, అక్కడ 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంది.

కొత్త కంపెనీ ప్యాక్ పెట్టే డబ్బుకి ఇంకో పాత కారే వచ్చేస్తుంది. అందుకని సోలార్ వాళ్లు వాడే 280 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 16 తెచ్చి, 200 ఆంపియర్ల బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే కంట్రోల్ బోర్డు) పెట్టి కట్టిద్దామని ఆలోచన. ఇది నడుస్తుందా? ఎక్కడ దెబ్బ తింటుంది? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

బొబ్బిలి వైరింగ్

అన్నా, సెల్స్ కొనేముందు పాత ప్యాక్ మొత్తం పోయిందో, ఒకటి రెండు సెల్స్ మిగతావాటిని లాగేస్తున్నాయో తేల్చుకోండి. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి వరసగా కట్టి, ఉన్న ప్యాక్ కెపాసిటీ అందులో అన్నిటికన్నా బలహీనమైన సెల్ కెపాసిటీయే. మిగతా అన్నీ బాగున్నా ఆ ఒక్కటి ఖాళీ అవగానే బీఎంఎస్ బండిని ఆపేస్తుంది.

ఫాస్ఫేట్ సెల్‌ని సగం చార్జింగు మీద మల్టీమీటరుతో చూస్తే ఏమీ తెలియదు. 40 శాతం దగ్గరా 70 శాతం దగ్గరా వోల్టేజీ దాదాపు ఒకటే, 3.3 చుట్టూ తిరుగుతుంది. తేడా రెండు కొసల్లోనే బయటపడుతుంది. మీటరు 15 శాతానికి వచ్చేదాకా నడిపి, ఇంటి దగ్గర ఆపి, బండి ఆన్‌లోనే ఉంచి ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఒక్కో సెల్ చూడండి. అన్నీ 3.1, 3.2 మధ్య ఉండి ఒకటి మాత్రం 2.8కి జారిపోతుంటే దోషి అదే. ఒకటో రెండో అయితే అవే మార్చండి, ఖర్చు చాలా తగ్గుతుంది. కొత్త సెల్ పాతవాటికన్నా పెద్ద కెపాసిటీదైనా ఫరవాలేదు, చిన్నది మాత్రం పనికిరాదు. బిగించేముందు దాన్ని పాతవాటితో సమానంగా ఫుల్ చార్జ్ చేయాలి.

సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలు, అదే బస్‌బార్లు, అవీ చూడాలి. మన తీరంలో గాలికి ఉప్పు పట్టి, అల్యూమినియం టెర్మినల్ మీద రాగి పట్టీ ఉన్నచోట తెల్ల బూజు కడుతుంది. ఒక్క జాయింటులో 1 మిల్లీఓమ్ నిరోధం పెరిగిందంటే 350 ఆంపియర్ల దగ్గర 120 వాట్లకు పైగా వేడి అక్కడే పుడుతుంది. అరగంట నడిపొచ్చి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టండి. పక్కవాటికన్నా 10 డిగ్రీలు ఎక్కువ చూపించే జాయింటు ఉంటే, ముందు అది విప్పి శుభ్రం చేసి బిగించి మైలేజీ మళ్లీ చూడండి.

పాత సెల్ స్టిక్కరు కూడా చదవండి. 3.2 వోల్టులని ఉంటే ఫాస్ఫేట్. 3.6 అనో 3.7 అనో ఉంటే రకం వేరు, కింద ఎవరు చెప్పే లెక్కా దానికి వర్తించదు.

గంటస్తంభం ఈవీ (విజయనగరం)

పై ఆయన చెప్పినట్టు చూశాక ప్యాక్ మొత్తం మార్చాల్సిందేనని తేలితే అప్పుడు ఇది.

మీ ప్లాన్‌లో ముందు ఆగిపోయేది 200 ఆంపియర్ల బీఎంఎస్. ఈ2ఓ మోటారు 19 కిలోవాట్లు. ఫుల్ పవరులో 48 వోల్టుల దగ్గర అది దాదాపు 400 ఆంపియర్లు లాగుతుంది. చదును రోడ్డు మీద 50 స్పీడులో 80 నుంచి 100 ఆంపియర్లే కాబట్టి ఊళ్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడో, హైవే మీద లారీని దాటేటప్పుడో బీఎంఎస్ కట్ అయి బండి నడిరోడ్డు మీద చచ్చిపోతుంది. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

రెండోది సెల్ రకం. సోలార్‌కి అమ్మే 280 ఏహెచ్ సెల్స్ ఎక్కువగా 0.5సీ (1సీ అంటే సెల్ కెపాసిటీ అంత కరెంటు, ఇక్కడ 280 ఆంపియర్లు) కోసం, అంటే నిలకడగా 140 ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవి. 1సీ దాకా ఒప్పుకునేవీ ఉన్నాయి. మీకు 400 అంటే దాదాపు 1.4సీ. డేటాషీటులో 'పల్స్ డిశ్చార్జ్' లైను చూసి, 30 సెకన్లపాటు 2సీ రాసి ఉన్నదే కొనండి. షాపువాడి నోటిమాట చాలదు.

ఇంటర్నల్ రెసిస్టెన్స్ (ఐఆర్), అంటే సెల్ లోపలి నిరోధం, ఎందుకు ముఖ్యమంటే: మంచి కొత్త సెల్ 0.25 మిల్లీఓమ్. 16కి 4, జాయింట్లకి ఇంకో 2, మొత్తం 6 మిల్లీఓమ్‌లు. 400 ఆంపియర్ల దగ్గర 2.4 వోల్టులు పడిపోతుంది, మోటారుకి కరెంటు పంపే కంట్రోలరు దాన్ని తట్టుకుంటుంది. అదే వాడేసిన సెల్స్‌ని కొత్త నీలం కవరు తొడిగి అమ్మితే ఒక్కోటి 1 మిల్లీఓమ్ ఉండొచ్చు. అప్పుడు సెల్స్‌లోనే 6.4 వోల్టులు పడిపోయి, చార్జింగు సగం ఉండగానే లో-వోల్టేజీ కట్ వస్తుంది. దీన్ని మామూలు మల్టీమీటరుతో కొలవలేరు, నాలుగు వైర్ల ఐఆర్ మీటరు కావాలి. క్యూఆర్ కోడ్ గీకేసి ఉన్న సెల్ ఎంత చవకైనా వద్దు.

చోటు సంగతి. ఒక్కో సెల్ సుమారు 174 వెడల్పు, 72 మందం, 204 మిల్లీమీటర్ల ఎత్తు, 5.4 కిలోలు. 16కి 86 కిలోలు. అదే కొలతకి అట్టపెట్టెలు కోసి పాత బాక్సులో పేర్చి చూశాకే ఆర్డరు పెట్టండి. సెల్‌కీ సెల్‌కీ మధ్య అర మిల్లీమీటరు ఎపాక్సీ షీటు తప్పనిసరి. పైన ఉన్న నీలం ప్లాస్టిక్ గతుకుల రోడ్లకి ఒరుసుకుని చిరిగిపోతుంది, లోపలి అల్యూమినియం డబ్బాలు ఒకదానికొకటి తగిలితే షార్టే. రెండు చివరలా గట్టి ప్లేట్లు పెట్టి రాడ్లతో బిగించాలి, లేకపోతే సెల్స్ ఉబ్బుతాయి. పైనున్న వెంట్‌కి (లోపలి గ్యాసు బయటికి పోయే చోటు) ఏదీ అడ్డం ఉండకూడదు.

మైలేజీ: 280 ఏహెచ్, 3.2 వోల్టుల సెల్స్ 16కి 14.3 యూనిట్లు (కిలోవాట్ అవర్లు), అందులో 90 శాతం వాడితే 12.9. కిలోమీటరుకి 115 వాట్ అవర్ల చొప్పున 110 కిలోమీటర్లు. హైవే మీద 70 దాటించి తోలితే ఇంత రాదు, అయినా విజయనగరం చేరి ఇంకా మిగులుతుంది.

ఆమదాలవలస జంక్షన్

సెల్స్ కన్నా బండి మెదడుతోనే అసలు పని ఎక్కువ. ఈ బండ్లలో చార్జరూ, కంట్రోలరూ, బీఎంఎస్సూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కంపెనీ బీఎంఎస్ తీసేసి బయటిది పెడితే, చార్జరు ఆ మాట కోసం ఎదురుచూస్తూ అసలు మొదలవ్వదు. కాబట్టి కంపెనీ బోర్డు బతికుంటే దాన్నే ఉంచి, దాని సెన్స్ వైర్లు (ఒక్కో సెల్ వోల్టేజీ చూసే సన్న వైర్లు) కొత్త సెల్స్‌కి కట్టడమే చవకైన దారి.

సెన్స్ వైర్ల ప్లగ్గు ముందు పీకి, ఆ తర్వాతే సెల్స్ విప్పండి. కొత్తవి కట్టాక ప్లగ్గు పెట్టేముందు నెగటివ్ నుంచి ఒక్కో పిన్నూ కొలవండి: 3.3, 6.6, 9.9, అలా వరసగా పెరగాలి. ఒక్క చోట వరస తప్పినా బోర్డు కాలిపోతుంది, అది మళ్లీ దొరకడం కష్టం.

ఇంకో మాట. మీటరులోని శాతం పాత ఏహెచ్ లెక్కనే చూపిస్తుంది. ప్రోగ్రాములో కెపాసిటీ మార్చగలిగే మెకానిక్ దొరికితే మంచిది. లేకపోతే కొత్త సెల్స్‌లో ఇంకా ఉండగానే మీటరు సున్నా చూపిస్తుంది, కొన్ని బండ్లు అక్కడ స్పీడు కూడా తగ్గించేస్తాయి. ఇది తేలకుండా పెద్ద సెల్స్ మీద డబ్బు పెట్టొద్దు.

నాగావళి గట్టు

అందరికీ చాలా థాంక్స్. రెండు సందేహాలు. బాక్సులో 16కి బదులు 15 సెల్స్ ఉంటే? సెల్స్ అన్నిటినీ సమానంగా చార్జ్ చేయడం ఎలా?

బొబ్బిలి వైరింగ్

15 ఉంటే 15 మాత్రమే వేయండి, 13.4 యూనిట్లు వస్తాయి. చార్జరు ఆపే వోల్టేజీ సెల్స్ సంఖ్యని బట్టి ఉంటుంది. 16 సెల్స్‌కి పెట్టిన 58.4 వోల్టులు 15 మీద పడితే ఒక్కోదానికి 3.89 వెళ్తుంది. హద్దు 3.65.

సమానం చేయడానికి, ముందు సిరీస్‌లోనే బీఎంఎస్ పెట్టి ఒక సెల్ 3.65 తాకేదాకా చార్జ్ చేయండి. తర్వాత విప్పి, ప్లస్‌లన్నీ ఒక పక్క, మైనస్‌లన్నీ ఒక పక్క కలిపి బెంచ్ సప్లై (వోల్టేజీ సెట్ చేసుకునే డీసీ పవర్ సప్లై) పెట్టండి. సప్లైని వైర్లు తగిలించకముందే 3.65కి సెట్ చేయాలి. కరెంటు రెండు మూడు ఆంపియర్లకి పడిపోయాక తీసేయండి. బేగి అవ్వాలని వోల్టేజీ పెంచితే సెల్స్ ఉబ్బుతాయి. సిరీస్ చార్జింగు చేయకుండా సగం ఖాళీ ఉన్న 16 సెల్స్‌ని నేరుగా 10 ఆంపియర్ల సప్లైకి పెడితే 9 రోజులకు పైనే పడుతుంది, అందుకే ఈ వరస.

48 వోల్టులు పొడి చేతులకి మామూలుగా షాక్ కొట్టవు గానీ స్పానరు అడ్డం పడితే వేల ఆంపియర్లు పారతాయి. ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసేయండి, స్పానరు పిడికి టేపు చుట్టండి. కంపెనీ ఫ్యూజు తీసి వైరు ముక్క కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. పోతే అదే రేటింగు డీసీ ఫ్యూజు, క్లాస్-టి రకం వేయండి.

గంటస్తంభం ఈవీ (విజయనగరం)

కాగితాల సంగతి కూడా. విడిగా కొనే లిథియం బ్యాటరీకి జీఎస్టీ 18 శాతం, బండితో వచ్చినదానికే 5. సెల్స్ ధర అడిగేటప్పుడు ట్యాక్సుతోనా అని అడగండి, బిల్లు తప్పకుండా తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. వోల్టేజీ, మోటారు మారకపోయినా ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

పాత సెల్స్‌లో బాగున్నవి 8 ఏరితే 24 వోల్టుల ఇన్వర్టరుకి పనికొస్తాయి, దానికి తగిన బీఎంఎస్ పెట్టాలి. అలా కొంత ఖర్చు తిరిగొస్తుంది. ఉబ్బినవి మాత్రం పాత ఇనుము వాళ్లకి ఇవ్వొద్దు, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరాలి.

విజయనగరంలో చార్జింగు పెట్టే ప్లగ్గుకి మీటరు దగ్గర నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్), మంచి ఎర్తింగు ఉండాలి. గంటల తరబడి లోడు ఉంటే పాత 15 ఆంపియర్ల సాకెట్ కరిగిపోవచ్చు. మే నెల మధ్యాహ్నం హైవే మీద వచ్చి వెంటనే చార్జింగు పెట్టకండి. సెల్ 45 డిగ్రీల లోపుకి చల్లారాక పెట్టండి.