వేలిముద్ర ఫొటో సైజు తగ్గించాలి, కానీ బయటికి పోకూడదు. దారి ఉందా?

మండపేట జిరాక్స్:
మాది చిన్న జిరాక్స్, నెట్ షాపండి. బ్యాంకు పరీక్షల నోటిఫికేషన్ పడిందంటే రాత్రి పదింటి దాకా అప్లికేషన్లే. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌కి ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి. ఎడమ బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్ కూడా అడుగుతారు. ఇన్నాళ్లూ ఫొటో రీసైజ్ అని గూగుల్‌లో కొట్టి, మొదట ఏ సైటు వస్తే అందులో ఎక్కించేసేవాణ్ణి.

నిన్న ఒకమ్మాయి వేలిముద్ర కాగితం ఇచ్చింది. స్కాన్ చేసి ఎక్కించబోతుంటే "బాబాయ్ గారూ, ఇదెక్కడికి వెళ్తుందండీ?" అంది. "సైజు తగ్గించాలి కదమ్మా" అన్నాను. "అది కాదండీ, ఎవరి కంప్యూటర్‌కి వెళ్తుంది?" అంది. నోట మాట రాలేదు. మొహం, సంతకం, వేలిముద్ర మూడూ కలిపి ఊరూ పేరూ తెలీనివాళ్ల చేతిలో పెడుతున్నానని అప్పుడు తట్టింది.

మన కంప్యూటర్ దాటకుండా బ్రౌజర్‌లోనే ఈ పని అవుతుందా? ఫొటోషాప్ లాంటివి ఈ పాత సిస్టమ్ మొయ్యదు.

కోడ్ కూలీ:
అవుతుందండి. స్క్వూష్ అని ఒక సైటు ఉంది చూడండి. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్లు 2018లో తెచ్చారు, కోడ్ కూడా బయటే పెట్టారు. బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు వేగంగా నడిపే వెబ్‌అసెంబ్లీ పుణ్యమా అని పనంతా మీ కంప్యూటరే చేస్తుంది, ఫొటో సర్వర్‌కి వెళ్లదు. ముందు ఎంత సైజు, తర్వాత ఎంత అన్న అంకెలు మాత్రం అనలిటిక్స్‌కి, అంటే వాడకం లెక్కలకి, వెళ్తాయని వాళ్లే రాసుకున్నారు.

అయినా ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఇన్‌కాగ్నిటో విండోలో పేజీ తెరిచి, ముందు ఏదో ఒక పువ్వు ఫొటోతో ఒకసారి నడిపి, తర్వాత వైఫై తీసేసి, అప్పుడు అసలు ఫొటో ఇవ్వండి. సైజు తగ్గి సేవ్ అయిందా, పని మీ దగ్గరే జరిగింది. గుండ్రంగా తిరుగుతూ కూర్చుందా, అది ఎక్కించుకునే రకం. విండో మూసేశాకే మళ్లీ నెట్ పెట్టండి.

మండపేట జిరాక్స్:
వైఫై తీసేసినా పనిచేసిందండి! రోజూ వాడే సైటు మాత్రం తిరుగుతూనే ఉంది, చూస్తుంటే ఒళ్లు మండింది. కానీ ఒక చిక్కు. సంతకం వాళ్లు చెప్పినట్టు 140 × 60 పిక్సెళ్లు పెడితే 4 కేబీయే వస్తోంది. 10 కన్నా తక్కువైతే ఫారం తీసుకోదు. తగ్గించడమే తెలుసు, పెంచడమెలా?

పాత కెమెరా:
అందరూ ఇరుక్కునేది అక్కడే. పిక్సెళ్లు మరీ తక్కువైతే కేబీ ఎక్కడినుంచి వస్తుంది? 140 × 60 అనేది 'ఇలా ఉంటే మంచిది' అని చెప్పిన కొలతే. 420 × 180 పెట్టండి, పొడవు వెడల్పుల లెక్క చెడదు. స్క్వూష్‌లో మోజ్‌జేపెగ్ అనే జేపెగ్ రకం ఎంచుకుని, క్వాలిటీ 75 నుంచి మెల్లగా పైకి జరుపుతూ కింద మూల కనిపించే కేబీ మీద కన్నేయండి. స్క్వూష్‌లో క్రాప్ లేదు, అంచులు ముందే కత్తిరించుకోవాలి.

అది సరే, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. సైటు మీద ఇంత అనుమానపడ్డారు కదా, మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా తెరిచి చూశారా? పిల్లలు ఫొటోలు పంపేది మీ షాపు వాట్సాప్‌కే కదా?

మండపేట జిరాక్స్:
420 × 180కి 12 కేబీ వచ్చింది, ఫారం తీసుకుంది. థాంక్సండి.

ఫోల్డర్ ఇప్పుడే తెరిచాను. 2,300 పైచిలుకు ఫైళ్లు. థంబ్ 1, థంబ్ 2 అని వరసగా ఉన్నాయి. ఒక సంతకం చూడగానే గుర్తుపట్టాను, మాకు పాలుపోసే ఆయన కూతురిది. ఆ పిల్లకి ఉద్యోగమొచ్చి రెండేళ్లయింది. పక్క షాపు కుర్రాడు ప్రింట్లకని రోజూ ఈ సిస్టమ్ ముందే కూర్చుంటాడు.

రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడుతున్నాను. వాట్సాప్‌లో ఉన్నవి రేపు, ఇప్పుడు కరెంటు పోయేలా ఉంది.